కుట్టుమిషన్ నుంచి కోలాటం దాకా: రొమ్ము క్యాన్సర్ చికిత్స తర్వాత ఒక కేస్ స్టడీ

నేను హన్మకొండలో ఆక్యుపేషనల్ థెరపిస్ట్‌ని. జబ్బు, దెబ్బల తర్వాత రోజువారీ పనులు మళ్లీ చేసుకోగలిగేలా సాయం చేయడం నా పని. నా దగ్గరికి వచ్చేవాళ్లలో పక్షవాతం వచ్చినవాళ్లు, ప్రమాదాల్లో చేతులు దెబ్బతిన్నవాళ్లు, ఎదుగుదల సమస్యలున్న పిల్లలే ఎక్కువ. క్యాన్సర్ చికిత్స పూర్తయినవాళ్లు తక్కువ. వాళ్లను కూడా "చెయ్యి పైకి లేవట్లేదు" అన్న ఒక్క కారణం మీదే పంపిస్తారు.

ఈ కేసును వివరంగా రాయడానికి కారణం ఉంది. "ఏదన్నా హాబీ పెట్టుకోండి, మనసు మళ్లుతుంది" అని క్యాన్సర్ వచ్చినవాళ్లకు డాక్టర్ల నుంచి పక్కింటివాళ్ల దాకా అందరూ చెప్తారు. ఏది పెట్టుకోవాలి, ఎప్పుడు మొదలుపెట్టాలి, చికిత్సతో మారిపోయిన ఒళ్లు దానికి సహకరిస్తుందా, ఎవరి మధ్య చెయ్యాలి అన్నది మాత్రం ఎవరూ కూర్చుని ఆలోచించరు. ఆలోచించకుండా ఇచ్చిన సలహా మనిషిని ఇంకా కుంగదీస్తుంది. ఆమె ఒప్పుకున్నాకే ఇది రాస్తున్నాను. మనిషిని గుర్తుపట్టే వివరాలు కొన్ని తీసేశాను, కొన్ని మార్చాను.

నేపథ్యం

ఆమెకు యాభై దాటాయి. వరంగల్ నుంచి బస్సులో గంట దూరంలో ఉన్న మండల కేంద్రం. భర్త జిన్నింగ్ మిల్లులో పనిచేసి మానేశాడు. కొడుకు, కోడలు, మనవడు అదే ఇంట్లో ఉంటారు. పెళ్లయిన కొత్తలోనే ఒక కుట్టుమిషన్ కొనుక్కుని, ఇంటి ముందుగదిలో జాకెట్లు కుట్టడం మొదలుపెట్టింది. అప్పటి నుంచి ఆ గది ఖాళీగా ఉన్నది లేదు. లగ్గాల సీజన్‌లో అర్ధరాత్రి దాకా మిషన్ నడిచేది. కొలతల జాకెట్ చూడకుండానే, మనిషిని చూసి చంక ఎంత లోతు తియ్యాలో చెప్పగలిగేంత పనితనం ఆమెది.

ఒక ఎండాకాలంలో కుడి రొమ్ములో గడ్డ బయటపడింది. రొమ్ముతో పాటు చంకలోని లింఫ్ గ్రంథులను కూడా తీశారు. ఆమెది కుడిచేతి వాటం. ఆపరేషన్ తర్వాత మూడు వారాలకొకటి చొప్పున డాక్సోరుబిసిన్, సైక్లోఫాస్ఫమైడ్ కలిపి నాలుగు కీమోలు, ఆపైన వారానికొకటి చొప్పున పన్నెండు పాక్లిటాక్సెల్ ఇచ్చారు. తర్వాత రేడియేషన్. గడ్డ హార్మోన్లకు స్పందించే రకం కాబట్టి ఈస్ట్రోజెన్ హార్మోన్ను తగ్గించే లెట్రోజోల్ మాత్ర రోజూ వేసుకోవాలి, అదీ ఏళ్ల తరబడి. ఖర్చు చాలావరకు ఆరోగ్యశ్రీలో వెళ్లిపోయింది.

పాక్లిటాక్సెల్ గురించి ఇక్కడే చెప్పాలి, ఈ కేసు మొత్తం దాని చుట్టూనే తిరిగింది. ఈ మందు నరాలను దెబ్బతీస్తుంది. అన్నిటికంటే పొడవైన నరాలు ముందు దెబ్బతింటాయి కాబట్టి కాలివేళ్లు, చేతివేళ్ల కొసల నుంచి తిమ్మిరి మొదలవుతుంది. కొందరికి నెలల్లో తగ్గుతుంది, కొందరికి ఏళ్లపాటు ఉండిపోతుంది. మిగతావాళ్లకు ఇది ఇబ్బంది మాత్రమే. వేళ్ల కొసలతో బతికే దర్జీకి బతుకుతెరువే పోయినట్టు.

బతుకమ్మ పండుగ ఆ పాక్లిటాక్సెల్ వారాల మధ్యలోనే వచ్చింది. నెత్తి మీద జుట్టు లేదు. ఎంగిలిపూల నాటి నుంచి సద్దుల దాకా తొమ్మిది రోజులూ ఆమె ఇంట్లోంచి బయటికి రాలేదని, వాకిలి తలుపు కూడా తీయనివ్వలేదని కోడలు చెప్పింది.

వచ్చిన సమస్య

రేడియేషన్ పూర్తయిన కొన్ని వారాలకు నా దగ్గరికి వచ్చింది. చీటీలో "కుడి భుజం బిగుసుకుంది, వ్యాయామాలు నేర్పించండి" అని మాత్రమే ఉంది. చెయ్యి ముందుకు ఎత్తితే 95 డిగ్రీల దగ్గరే ఆగిపోయేది. జడ వేసుకోవడం, పై అరలోంచి డబ్బా తీయడం కుదిరేది కాదు. రెండు చేతుల చుట్టుకొలతలో తేడా సెంటీమీటరు లోపే. రెండు సెంటీమీటర్లు దాటితే లింఫెడిమా, అంటే చెయ్యివాపు మొదలైందేమోనని అనుమానిస్తాం. ఆమెకు ఆ భయం అప్పటికి లేదు. అరికాళ్ల కింద సన్నటి నైలాన్ పోగుతో చేసే మోనోఫిలమెంట్ పరీక్షలో బొటనవేళ్ల దగ్గర స్పర్శ తెలియలేదు. కళ్లు మూసుకుని నిలబడమంటే ఊగిపోయింది.

ఇవన్నీ రాసుకున్నాక, అసలు ఇబ్బంది ఏంటమ్మా అని అడిగాను.

"పొద్దు పోతలేదు మేడం. లేసినకాడి నుంచి మంచంల కూసోబెడుతున్నరు. గిన్నె కడుగుదామన్నా ముట్టనిస్తలేరు. ఏం జెయ్యాలె నేను?"

డిప్రెషన్‌ను కొలిచే పీహెచ్‌క్యూ-9 ప్రశ్నావళిలో 27కి 13 వచ్చింది. పది దాటితే ఊరుకోకూడదు. చచ్చిపోవాలన్న ఆలోచన ఏమైనా ఉందా అని నేరుగానే అడిగాను, లేదంది. అయినా చికిత్స చేసిన డాక్టర్‌కు ఫోన్ చేసి సైకియాట్రిస్ట్‌కు చూపించేలా చేశాం. ఇప్పటికి మందులు వద్దు, నెలలోపు మళ్లీ చూద్దాం అన్నారాయన. హాబీ పేరుతో ఈ మెట్టును దాటేయకూడదు. మందు అవసరమైన డిప్రెషన్‌ను పూలమొక్కలతో తగ్గించాలని చూడటం ప్రమాదం.

ముందు ప్రయత్నించినవి

నా దగ్గరికి రాకముందే ఇంట్లోవాళ్లు ఒక స్మార్ట్‌ఫోన్ కొనిచ్చారు, కాలక్షేపం అవుతుందని. క్యాన్సర్ గురించి ఒక వీడియో చూస్తే ఫోన్ ఇంకో పది చూపిస్తుంది కదా. చక్కెర తింటే తిరగబెడుతుందని ఒకరు, ఫలానా కషాయం తాగితే మాయమవుతుందని ఇంకొకరు. ఆమెకు టెన్షన్ పెరిగింది, నిద్ర తగ్గింది. రాత్రి తొమ్మిది తర్వాత ఫోన్ కోడలి దగ్గర ఉండాలన్నది మేం పెట్టుకున్న మొదటి నియమం.

నేను మొదట ఎంచుకున్నది ఎంబ్రాయిడరీ. నైపుణ్యం చేతిలో ఉంది, కూర్చుని చెయ్యొచ్చు, ఓపిక తక్కువ పడుతుంది, సూదీ దారంతో వేళ్లకూ పని తగులుతుంది. పక్షవాతం తర్వాత పాత పనిని సులభం చేసి మళ్లీ చేతికివ్వడం మా వృత్తిలో బాగా పనిచేసే పద్ధతి. ఇక్కడ పనిచేయలేదు. ఫ్రేమ్‌కు బిగించిన తెల్ల గుడ్డ మీద ఆమె సూది దించుతుంటే నేను పక్కనే కూర్చున్నాను. కింద గుడ్డను పట్టుకున్న వేలికి సూది గుచ్చుకుంది. ఆమెకు తెలియలేదు. గుడ్డ మీద ఎర్రచుక్క కనపడ్డాకే వేలు తీసి చూసుకుంది. ఏమీ మాట్లాడకుండా ఫ్రేమ్ పక్కన పెట్టేసింది.

ఆ రోజు రెండు విషయాలు తేలాయి. ఒకటి భద్రత. చంక గ్రంథులు తీసిన వైపు చేతికి చిన్న గాయమైనా ఇన్ఫెక్షన్ సోకి సెల్యులైటిస్, అంటే చర్మం లోపలి పొరలు ఎర్రబడి వాచే జబ్బు, కావచ్చు, దాంతో వాపు మొదలవ్వచ్చు. స్పర్శ లేని వేళ్లకు సూది ఇవ్వడం అప్పుడే ఆపేశాం. రెండోది ఇంకా ముఖ్యం. ఆ గుడ్డ మీద ఆమె వేసిన కుట్టు నా కంటికి బాగానే ఉంది. ఆమె కంటికి మాత్రం అది తన పాత కుట్టు కాదు. బాగా వచ్చిన పనిని తక్కువగా చేయాల్సి వచ్చినప్పుడు ప్రతి కుట్టూ ఏం పోయిందో గుర్తుచేస్తుంది. పాత పనిలో ఆమె కొలబద్ద ఆమే. ఆ కొలబద్ద ముందు గెలవడం అప్పట్లో కుదిరే పని కాదు.

అందుకే తర్వాత పూర్తిగా కొత్తది వెతికాం. కోడలు సలహా మీద డాబా మీద కుండీల్లో పుదీనా, కొత్తిమీర, టమాట పెట్టారు. కీమో అయిపోయి చాలా వారాలైంది, రక్తకణాలు మామూలుకొచ్చాయని డాక్టర్ చెప్పాకే మట్టి ముట్టుకోనిచ్చాం, అదీ మందపాటి గ్లౌజులతో. తెల్లకణాలు తగ్గి ఉండే కీమో రోజుల్లో మట్టి, ఎరువు పని వద్దనే చెప్తాం. వారం రోజులు బాగానే గడిచింది. తర్వాత ఒక పొద్దున కోతుల గుంపు దిగి కుండీలన్నీ పీకేసింది. మా వైపు ఊళ్లలో మిద్దె మీద ఏం పెట్టినా ముందు కోతుల సంగతి చూసుకోవాల్సిందే. అయితే కోతులు రాకపోయినా ఇది నిలిచేది కాదనే నా అభిప్రాయం. నీళ్లు పోస్తే పావుగంటలో పని అయిపోతుంది. మిగతా రోజంతా అలాగే ఖాళీ. పైగా డాబా మీద కూడా ఆమె ఒంటరిదే.

పొద్దున నడక కూడా మొదలుపెట్టించాం. కీమో తర్వాత వచ్చే నీరసం పడుకుంటే తగ్గేది కాదు, మెల్లగా పెంచే వ్యాయామంతో తగ్గుతుందని చాలా అధ్యయనాలు చెప్పాయి. లెట్రోజోల్ వల్ల వచ్చే కీళ్లనొప్పులకూ నడక మంచిదే. కానీ ఊళ్లో రోడ్డు మీద నాలుగడుగులు వేస్తే చాలు, ఎవరో ఒకరు ఆపేవాళ్లు. "గిప్పుడెట్లుందక్కా? మల్ల రాదంటనా?" ప్రేమతోనే అడుగుతారు. ప్రతి అడుగుకూ ఆమె జబ్బు మనిషిగానే నిలబడాల్సి వచ్చేది. నడకను ఇంటి పెరటికి మార్చాం. ఒంటికి మేలు జరిగింది, పొద్దు గడిచే సమస్య అక్కడే ఉంది.

కోలాటం దాకా ఎలా వచ్చాం

ఏం చేయాలనుంది అని అడిగితే ఆమె దగ్గర జవాబు లేదు. జీవితంలో తన కోసం తాను ఏదీ ఎంచుకోని మనిషిని ఆ ప్రశ్న అడిగి లాభం లేదు. అందుకని ప్రశ్న మార్చాను. "ఎవరి బట్టలు కుట్టడమంటే మీకు ఎక్కువ ఇష్టంగా ఉండేదమ్మా?"

వెంటనే చెప్పింది, కోలాటం వాళ్లవి అని. గుడి ఉత్సవాలకు, శ్రీరామనవమికి ఊరి కోలాటం బృందంవాళ్లు అందరూ ఒకే రంగు చీరలు, జాకెట్లు వేసుకుంటారు. ఆ జాకెట్లన్నీ ఆమే కుట్టేది. తీసుకోవడానికి వచ్చి వేసుకుని చూసి, ఆ ముందుగదిలోనే రెండడుగులు వేసి నవ్వుకుంటూ పోయేవాళ్లట. చెప్తున్నంతసేపూ ఆమె గొంతు మారింది. మీరెప్పుడైనా ఆడారా అంటే, "నాకేడిది మేడం, కుట్టుడుకే తెల్లారేది" అంది.

ఇక్కడ నేను కొంత సమయం తీసుకున్నాను. ఇష్టం ఉందని తెలిసింది, ఒళ్లు ఒప్పుకుంటుందా అన్నది చూడాలి. ఒక జత కోలలు తెప్పించి, ఆ ఆటను ముక్కలు ముక్కలుగా విడదీసి చూశాను. భుజం ముందుకు, పక్కకు, పైకి కదలాలి. మేం చేయిస్తున్న వ్యాయామాల్లో ఉన్న కదలికలు ఇవే. తేడా అల్లా, గోడ మీద వేళ్లు పాకించే వ్యాయామం ఆమె లెక్క పెట్టుకుని ముగించేది, కోల చేతిలో ఉన్నప్పుడు లెక్క మరిచిపోయేది. పట్టుకు వేళ్ల కొసలు అక్కర్లేదు, అరచెయ్యి చాలు. సైకిల్ ట్యూబు ముక్కను కోలకు చుట్టాక జారడం కూడా ఆగింది.

అన్నిటికంటే ముఖ్యమైనది చప్పుడు. సూది గుచ్చుకుంటే వేలు చెప్పలేదు. కోల కోలకు తగిలితే చెవి చెప్తుంది. దెబ్బ సరిగా పడిందా, గట్టిగా పడిందా, తాళం తప్పిందా అన్నది స్పర్శతో పని లేకుండానే తెలుస్తుంది. నరాలు దెబ్బతిన్న చేతికి చూపు నుంచి, వినికిడి నుంచి సాయం అందే పనులు వెతకాలన్నది మేం చదువుకున్నదే. అది ఇంత సూటిగా ఒక ఊరి ఆటలో దొరుకుతుందని నేను అనుకోలేదు.

ప్రమాదాలూ ఉన్నాయి. గిర్రున తిరిగే చోట పాదాల స్పర్శ లేనివాళ్లు పడిపోవచ్చు. అందుకని తిరగాల్సిన చోట తిరగకుండా నిలబడి అడుగు మార్చడం నేర్పించాం. మరి చెప్పులు? కోలలకు మొక్కి ఆడతారు కాబట్టి బృందానికి కోలాటం నేర్పే మాస్టారు చెప్పులతో రానివ్వరు. వేడెక్కిన సిమెంటు మీద ఒట్టి కాళ్లతో ఆడితే బొబ్బలు వచ్చినా ఆమెకు తెలియదు. అడుగున రబ్బరు చుక్కలున్న మందపాటి కాటన్ సాక్సులు వేసుకునేలా, పొద్దు గూకాకే ఆడేలా మాస్టారితో మాట్లాడాం. ఇంటికి రాగానే కోడలు టార్చిలైటు వేసి అరికాళ్లు చూడాలి.

ఇంట్లో పెద్ద అడ్డు చెయ్యివాపు భయం. "ఆ చేతితోని బరువు లేపొద్దన్నరు గద" అని భర్త పట్టుబట్టాడు. ఆయన చెప్పింది ఒకప్పటి జాగ్రత్తే. 2009లో 141 మంది మహిళలతో జరిగిన ఒక పెద్ద అధ్యయనంలో, అప్పటికే వాపు ఉన్నవాళ్లు కూడా పర్యవేక్షణలో మెల్లమెల్లగా బరువులు పెంచుకుంటూ పోతే వాపు పెరగలేదని తేలింది. ఆ విషయం ఆయనకు అర్థమయ్యేలా చెప్పి, మాట మీద నమ్మమనకుండా ఒక కొలత కూడా ఇచ్చాను. కుడిచేతికి ఒక్క వదులు గాజు ఉంచాం. రోజూ పొద్దున అది మణికట్టు నుంచి ఎక్కడి దాకా జారుతుందో ఆయనే చూడాలి. బిగుతైతే ఆ రోజు ఆట బంద్, నాకు ఫోన్. నెలకోసారి నేను టేపుతో కొలిచేదాన్ని. కాపలా ఆయన చేతికి ఇచ్చాక అభ్యంతరం ఆగిపోయింది.

"జబ్బు మనిషి ఎగురుడేంది" అన్న మాటలు ఊళ్లో వచ్చాయి. వాటికి నేను చేయగలిగింది ఏమీ లేదు. కానీ బృందంలో ఎవరికి ఏం చెప్పాలన్నది ముందే తేల్చుకున్నాం. మాస్టారికి, ఎదురుజోడీగా నిలబడే ఆవిడకు మాత్రం అన్నీ చెప్పాం. దెబ్బ మెత్తగా వేయాల్సింది ఆవిడే కాబట్టి ఆవిడకు తెలియాలి. మిగతావాళ్లకు జబ్బు వచ్చి తగ్గిందని ఎలాగూ తెలుసు, అంతకంటే వివరాలు అక్కర్లేదు. జబ్బు కబురు లేని గంట ఒకటి ఆమెకు కావాలి, అది కాపాడటం చికిత్సలో భాగమే అనుకున్నాను.

మొదటి రోజుల్లో ఒక ఎదురుదెబ్బ తగిలింది. ఉత్సాహంలో చివరి దాకా ఆడేసి, తర్వాత రెండు రోజులు మంచం దిగలేదు. క్యాన్సర్ నీరసంలో ఇది చాలామందికి జరిగేదే. ఒళ్లు బాగున్న రోజు ఒళ్లెరగకుండా చేయడం, తర్వాత కూలబడటం. రాసి పెట్టుకోమంటే ఆమెకు రాయడం అలవాటు లేదు. గోడ క్యాలెండర్ మీద బొట్టుబిళ్లలు అంటించమన్నాను. బాగున్న రోజు ఆకుపచ్చ, నీరసంగా ఉన్న రోజు ఎరుపు. నెల తిరిగేసరికి ఎక్కువసేపు ఆడిన మర్నాడల్లా ఎరుపే ఉందని ఆమే చూపించింది. కోలాటంలో పాట నిదానంగా మొదలై పోను పోను వేగం అందుకుంటుంది. వేగం పెరగ్గానే పక్కకు వచ్చి కూర్చోవాలి, ఇంకా ఓపిక ఉన్నా సరే. ఈ నియమం పెట్టాక ఎర్రబొట్లు తగ్గాయి. కొన్ని వారాల తర్వాత ఒక్కో పాట చొప్పున పెంచాం.

ఏం మారింది

ఆరు నెలలకు చెయ్యి 150 డిగ్రీల దాకా లేచింది. జడ తనే వేసుకుంటోంది. పీహెచ్‌క్యూ-9 ఐదుకు దిగింది. చేతుల చుట్టుకొలతలో తేడా పెరగలేదు. కళ్లు మూసుకుని నిలబడగలుగుతోంది. చేతివేళ్ల తిమ్మిరి మాత్రం దాదాపు అలాగే ఉంది. జాకెట్లు కుట్టడం మళ్లీ మొదలుకాలేదు. హుక్కులు, కాజాలు ఇప్పటికీ కుదరవు. కటింగ్ మాత్రం చేసిపెడుతోంది, కుట్టేది పక్కింటి అమ్మాయి. ఇది నేను చెప్పి చేయించింది కాదు.

చెకప్‌కు వెళ్లాల్సిన వారం మాత్రం ఇప్పటికీ కష్టమే. నిద్ర పట్టదు, ఆటకు పోదు. రిపోర్ట్ వచ్చి బాగుందన్నాక కూడా రెండు మూడు రోజులు అలాగే ఉంటుంది. ఆ భయాన్ని కోలాటం తీయలేదు, తీస్తుందని నేనూ అనుకోలేదు. జబ్బు తిరగబెట్టడం, తిరగబెట్టకపోవడం హాబీల చేతిలో ఉండదని ఆమెకూ, ఇంట్లోవాళ్లకూ మొదటే చెప్పాను. "మంచిగ ఆడితే జబ్బు రాదు" అన్న నమ్మకం పెరిగితే, రేపు ఏదైనా తేడా వచ్చిన రోజు తప్పు తనదే అనుకుంటుంది.

ఈ కేసు తర్వాత నా పద్ధతిలో మారినవి

పాత పనికి తిరిగి రావడమా, కొత్తది మొదలుపెట్టడమా అన్న ప్రశ్నను ఇప్పుడు మొదటి వారంలోనే తేలుస్తున్నాను. పాత పనికి అవసరమైన అవయవం లేదా స్పర్శ బాగా దెబ్బతిని, అది త్వరగా కోలుకునేది కాకపోతే, అప్పటికి కొత్తదే మంచిది. కోలాటంలో ఆమె తాళం తప్పితే ఎవరూ క్యాన్సర్ వల్ల అనుకోలేదు, ఆమె కూడా అనుకోలేదు. కొత్తగా నేర్చుకునేవాళ్లందరూ తప్పుతారు. నేర్చుకునే మనిషికి తప్పు చేసే హక్కు ఉంటుంది, రోగికి ఆ హక్కు ఎవరూ ఇవ్వరు. అయితే దీన్ని అందరికీ వర్తింపజేయకూడదు. వేలు, గొంతు, చూపు బాగానే ఉండి కేవలం నీరసంతో ఆగినవాళ్లకు పాత పనే మంచి మందు.

ఆ కొత్త పని కూడా పూర్తిగా పరాయిది కాకూడదు. చెరియాల్ బొమ్మలు వేయడం నేర్పిద్దామని ఆమె కొడుకు ఒకసారి అన్నాడు. మంచి కళే, ఆమెకు దానితో ఏ సంబంధమూ లేదు, పైగా సన్నటి కుంచె మళ్లీ వేళ్ల కొసల పనే. కోలాటం ఆమె గుమ్మం దాకా ఎన్నో ఏళ్లుగా వచ్చి వెళ్తున్నదే.

ఇదే దారి పట్టాలనుకునే థెరపిస్టులు డాక్టర్‌తో మాట్లాడకుండా మొదలుపెట్టకూడని సందర్భాలు ఉన్నాయి. ఎముకలకు క్యాన్సర్ పాకినవాళ్లకు గెంతడం, తిరగడం వల్ల ఎముక విరిగే ప్రమాదం ఉంటుంది. ప్లేట్‌లెట్లు తగ్గి ఉన్నా, జ్వరం ఉన్నా, చెయ్యి కొత్తగా వాచినా, ఎర్రబడినా ఆట ఆపి వెంటనే పంపించాలి. డాక్సోరుబిసిన్ గుండె మీద ప్రభావం చూపే మందు, కాబట్టి ఆయాసం, కాళ్లవాపు గురించి ప్రతిసారీ అడగాలి. లెట్రోజోల్ ఎముకలను బలహీనం చేస్తుంది, ఎముకల సాంద్రత కొలిచే డెక్సా స్కాన్ ఎప్పుడు చేశారో చూడాలి. ఈమెకు చేయించాం. ఎముక కాస్త పలుచబడిందని తేలడంతో కాల్షియం, విటమిన్ డి మొదలుపెట్టారు, గెంతే అడుగులు తీసేశాం. బృందం ఈసారి భద్రాచలం వెళ్లి ఆడదామంటోంది. రాత్రి ప్రయాణం, పొద్దున్నే ఆట ఆమెకు పడవు కాబట్టి ఒకరోజు ముందే చేరుకునేలా, మొదటి రెండు పాటలకే నిలబడేలా మాస్టారితో మాట్లాడుతున్నాం.